కొత్త లెక్చరర్‌కి తోడు కావాలి, ఆ తోడుకి టైమ్‌టేబుల్లో గంట కావాలి

ఐదో తరగతి పిల్లలకు భిన్నాలు చెప్పాలంటే డీఎల్ఎడ్ చదవాలి. హైస్కూల్లో చెప్పాలంటే బీఎడ్ చదవాలి. ఆ చదువులో భాగంగా ఏదో ఒక స్కూలుకెళ్లి పిల్లల ముందు నిలబడి పాఠాలు చెప్పాలి. ఒకరు వెనక బెంచీలో కూర్చుని విని, ఎక్కడ బాగుందో ఎక్కడ బాగాలేదో రాసివ్వాలి. డిగ్రీ కాలేజీకి వచ్చేసరికి ఇదేదీ అక్కర్లేదు. పీజీ, దాని మీద నెట్ అనే అర్హత పరీక్ష గానీ పీహెచ్‌డీ గానీ ఉంటే చాలు. నెట్ మొదటి పేపరు సిలబస్‌లో 10 యూనిట్లుంటే ఒక్క యూనిట్ బోధన గురించి ఉంటుంది, అదీ నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలే. అలా వచ్చిన మనిషిని సోమవారం పొద్దున్నే 64 మంది పిల్లల ముందు నిలబెడతాం. చేతికి అటెండెన్స్ రిజిస్టరు, సిలబస్ జిరాక్సు, చాక్‌పీసుల డబ్బా ఇస్తాం. పిల్లలు కంప్లైంట్ పెడితే తప్ప, ఆ తర్వాత ఆ తరగతిలో ఏం జరుగుతోందని ఎవరూ అడగరు.

నేను ఒడిశాలోని గజపతి జిల్లాలో, ఆంధ్రా సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న ఒక కాలేజీలో ప్లస్ త్రీ, అంటే డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. రిటైర్‌మెంట్ దగ్గరపడింది. మా స్టాఫ్‌రూమ్‌లోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లను, అమ్మాయిలను ఏళ్ల తరబడి చూస్తూ వచ్చాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. కొత్తగా చేరిన ప్రతి లెక్చరర్‌కీ, పర్మనెంట్ అయినా గెస్ట్ అయినా, మొదటి రెండేళ్లు ఒక సీనియర్ తోడుండాలి. దానికోసం ఆ సీనియర్‌కి వారంలో ఒక గంట టైమ్‌టేబుల్లోనే రాసివ్వాలి, వర్క్‌లోడ్‌లో లెక్కపెట్టాలి. ఆ సీనియర్, కొత్తవాళ్ల మీద రిపోర్టు రాసే మనిషి కాకూడదు. ఈ మూడూ లేకుండా మెంటరింగ్ అని ఆర్డరు తీస్తే ఎవరికీ ఏమీ ఒరగదు.

ఈ మాట ఎత్తితే మా స్టాఫ్‌రూమ్‌లో ముందుగా వచ్చే జవాబు ఒకటే. "మనకెవరు నేర్పారు మేడమ్? నీళ్లలోకి తోసేస్తే ఈత అదే వస్తుంది." ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. ఒంటరిగా, కష్టపడి నేర్చుకున్నారు, ఆ కష్టం మీద వాళ్లకు గౌరవం ఉంది. నాకూ ఉంది. కాకపోతే వాళ్లు లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది. ఆ లెక్చరర్ ఈత నేర్చుకునే రెండు మూడేళ్లూ ఎదురుగా కూర్చున్న పిల్లల సంగతేమిటి? లెక్చరర్‌కి ఒడ్డు దొరికేలోపు ఒక బ్యాచ్ కాలేజీ దాటి వెళ్లిపోతుంది. కొండల్లోని సెరంగో నుంచో, గుమ్మ నుంచో వచ్చి, ఇంటిల్లిపాదిలో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లకి ఇంకో అవకాశం రాదు. ఆర్గానిక్ కెమిస్ట్రీ అర్థం కాక రెండు బ్యాక్ పేపర్లు పడ్డాయంటే ఇంట్లోవాళ్లు చదువు మానిపించేస్తారు, ఆ వేసవిలోనే పెళ్లి మాటలు మొదలవుతాయి. మునిగేది లెక్చరర్ కాదు.

తోడు అంటే ఏం చేయాలో నేను చూసినదాంట్లోంచే చెప్తాను.

మా డిపార్ట్‌మెంట్లోకి బరంపురం నుంచి ఒక తెలుగమ్మాయి వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, యూనివర్సిటీలో ఇంగ్లిష్. సబ్జెక్టు మీద మంచి పట్టుంది. నెల తిరక్కముందే నా దగ్గరికొచ్చి, "మేడమ్, పిల్లలు నోరు విప్పట్లేదు. నా పాఠం అర్థమవుతోందో లేదో తెలియట్లేదు, చాలా టెన్షన్‌గా ఉంది" అంది. "ఒకరోజు నేనొచ్చి కూర్చోనా అమ్మా?" అన్నాను. మొహం రంగు మారిపోయింది. "హెచ్‌ఓడీ సార్‌కి చెప్తారా మేడమ్?" అని అడిగింది, అంటే మా డిపార్ట్‌మెంట్ హెడ్‌కి. ఎవరికీ చెప్పననీ, నేను చూసింది మా ఇద్దరి మధ్యే ఉంటుందనీ మాటిచ్చాక గానీ ఒప్పుకోలేదు. దేని మీద కన్నేసి చూడమంటావని ముందే అడిగాను. పిల్లలు ఎక్కడ తప్పిపోతున్నారో చూడండి అంది.

ఆ రోజు ప్రాక్టికల్. ఆక్జాలిక్ ఆమ్లాన్ని పర్మాంగనేట్‌తో టైట్రేట్ చేయాలి, అంటే చుక్కచుక్కగా కలుపుతూ ఎంత పడుతుందో కొలవాలి. సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి 60, 70 డిగ్రీలకు వేడి చేసి, పైనుంచి పర్మాంగనేట్ చుక్కలు వదలాలి. మొదటి చుక్కల రంగు నెమ్మదిగా పోతుంది, తర్వాత చర్య వేగం పుంజుకుంటుంది. చివరికి ఒక్క చుక్కతో లేత గులాబీ రంగు నిలుస్తుంది. ఆ అమ్మాయి అంతా పద్ధతిగా, తడుముకోకుండా చెప్పింది. పిల్లలందరినీ ఒకే బల్ల చుట్టూ నిలబెట్టి చేసి చూపించింది. బ్యూరెట్ (చుక్కలు వదిలే కొలత గొట్టం) దగ్గరున్న నలుగురికి అన్నీ కనిపించాయి. వెనకవాళ్లకు ముందువాళ్ల వీపులు కనిపించాయి. "బుఝిల?" అని, అర్థమైందా అని ఒడియాలో అడిగింది. తరగతి తరగతంతా ఒక్క గొంతుతో "ఆజ్ఞా" అంది.

తర్వాత ఎవరి బల్లల దగ్గరికి వాళ్లు వెళ్లారు. ఒక కుర్రాడు బ్యూరెట్‌లో ద్రవం కింది అంచు దగ్గర రీడింగ్ తీస్తున్నాడు. అంతకుముందు చేసిన టైట్రేషన్లలో అలాగే నేర్చుకున్నాడు మరి. పర్మాంగనేట్ ముదురు రంగులో ఉంటుంది కాబట్టి కింది అంచు సరిగ్గా కనిపించదు, పై అంచు చదవాలి. ఇంకో బల్ల మీద ఫ్లాస్కులో గోధుమరంగు తేలింది. ఆమ్లం తక్కువైతేనో, తొందరపడి పర్మాంగనేట్ గుమ్మరించేస్తేనో అలా అవుతుంది. ఆ పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఫ్లాస్కు సింక్‌లో పారబోసి, పక్క బల్లవాళ్ల రీడింగ్ ఎక్కించేసుకున్నారు. గంట కొట్టేసరికి అన్ని రికార్డుల్లోనూ ఇంచుమించు ఒకటే అంకె. ఆ అమ్మాయి ఈ లోపల అటెండెన్స్ వేస్తూ, రికార్డుల మీద సంతకాలు పెడుతూ ఉంది. ఆ పని కూడా ఆ రెండు గంటల్లోనే పూర్తి కావాలి కదా.

సాయంత్రం టీ దగ్గర తప్పుల జాబితా చదవలేదు. "ఆ మూల బల్ల మీద గోధుమరంగు వచ్చిన ఫ్లాస్కు చూశావా అమ్మా?" అని మాత్రం అడిగాను. చూడలేదంది. కాసేపాగి, "అంటే ఎవరికైనా తేడా వస్తే నాకు తెలియకుండా పారబోస్తున్నారన్నమాట" అని తనే అంది. మరుసటి వారం పిల్లల్ని మూడు జట్లుగా చేసి, జట్టు జట్టుకీ దగ్గర నిలబడి చూపించింది. రంగు తేడా వస్తే పారబోయొద్దు, నన్ను పిలవండి, మార్కులు తగ్గించను అని ముందే చెప్పింది. మూడు బల్లలవాళ్లు పిలిచారు. ఆమ్లం ఎంత పోశారో, వేడి ఎంత చేశారో వాళ్లచేతే చెప్పించేసరికి సగం పీరియడ్ అయిపోయింది. సిలబస్ వెనకబడుతోందని మళ్లీ కంగారు. ఏ రెండు ప్రాక్టికల్స్ కలిపి చేయించవచ్చో, ఏ భాగం పిల్లలు ఇంటి దగ్గర చదువుకోగలరో కూర్చుని చూసుకున్నాం. ఇలాంటివి పుస్తకంలో ఉండవు. అదే ల్యాబ్‌లో, అదే పిల్లలతో, అవే పాత బ్యూరెట్లతో పనిచేసిన మనిషికే తెలుస్తాయి.

తోడు అంటే ఇదీ. వారానికి ఒక క్లాసు చూడటం, ఒక ప్రశ్న అడగటం. తరగతికి వెళ్లేముందు ఏం చూడమంటారో అడగాలి. అయిపోయాక అదే రోజు మాట్లాడాలి, వారం పోతే ఇద్దరికీ గుర్తుండదు. ఒకేసారి పది లోపాలు చెప్తే ఆ కొత్త లెక్చరర్ మరుసటి రోజు తరగతికి వణుకుతూ వెళ్తుంది.

వెనక కూర్చుని చూడటమంటే తప్పులు పట్టడమేనని మనవాళ్లకు భయం. ఆ భయం ఊరికే రాలేదు, స్కూళ్ల ఇన్‌స్పెక్టర్లు వస్తున్నారంటే మాస్టార్లు గజగజలాడిన రోజులున్నాయి. అయినా మా జిల్లా కేంద్రం పర్లాకిమిడి చరిత్రలోనే దీనికి వేరే ఉదాహరణ ఉంది. గిడుగు రామమూర్తి గారు 1880లో, 17 ఏళ్లు నిండీ నిండని వయసులో, 30 రూపాయల జీతం మీద ఇక్కడి రాజావారి స్కూల్లో మాస్టారుగా చేరారు. ఫస్టు ఫారానికి చరిత్ర చెప్పేవారు. 1907లో ఉత్తర కోస్తా జిల్లాలకు జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లిష్ అధికారి స్కూళ్లను పరీక్షించడానికి వచ్చాడు. చిన్న తరగతుల్లో పండితులు తెలుగు చెప్పే తీరు ఆయనకు అర్థం కాలేదు. జనం మాట్లాడే భాషకీ పుస్తకాల భాషకీ మధ్య ఇంత దూరం ఎందుకని అడిగాడు. విశాఖపట్నంలో మిసెస్ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగార్, దీనికి జవాబు చెప్పగలవాళ్లు గురజాడ, గిడుగు అని చెప్పారు. ఆ నలుగురి మాటల్లోంచే వాడుక భాష ఉద్యమం మొదలైంది.

ఏటా ఆగస్టు 29న సరిహద్దుకు అటూ ఇటూ గిడుగు వారి ఫొటోకి దండ వేస్తాం. మంచిదే. నాకు మాత్రం ఆ కథలో ఇంకో సంగతి ముఖ్యమనిపిస్తుంది. అప్పటికి గిడుగు వారికి పాతికేళ్లు దాటిన అనుభవముంది. అంతటి మాస్టారి ఆలోచనను కూడా తరగతిలో కూర్చుని విన్న ఒక బయటి మనిషి ప్రశ్న కొత్త దారి పట్టించింది. యేట్స్ ఆ రోజు తప్పులు రాసుకుని సంతకం పెట్టి వెళ్లిపోవచ్చు. అలా చేయకుండా, తనకు అర్థం కానిది అర్థం కాలేదని అడిగాడు. మనం కొత్త లెక్చరర్లకు ఇవ్వాల్సింది అలా అడిగే మనిషిని.

గిడుగు వారు ఇక్కడి కొండల్లోని సవర గిరిజనుల దగ్గరే సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఇప్పుడు ఆ సవర పల్లెల పిల్లలు మా తరగతుల్లో కూర్చుంటున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటొచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటుండిపోయింది. అందుకే మా తరగతిలో ఒడియా ఇళ్ల పిల్లలు, తెలుగు ఇళ్ల పిల్లలు, సవర ఇళ్ల పిల్లలు ఒకే బెంచీ మీద ఉంటారు. పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంటుంది. కటక్ నుంచో బాలేశ్వర్ నుంచో పోస్టింగ్ మీద వచ్చిన కుర్రాడికి ఇది ఎవరు చెప్తారు? క్లాసంతా ఒడియానే అనుకుని గడగడా చెప్పుకుంటూ పోతాడు. అలా వచ్చిన ఫిజిక్స్ గెస్ట్ లెక్చరర్ ఒకరు, ఈ పిల్లలు మొద్దులు మేడమ్ అని నాతో అన్నాడు. నాకు చాలా బాధేసింది. కుర్రాడు మంచివాడే. వాళ్లు మొద్దులు కారు బాబూ, నువ్వడిగిన ప్రశ్నను వాళ్లు ముందు తమ భాషలోకి తెచ్చుకుని, జవాబు ఆలోచించుకుని, దాన్ని ఒడియాలోకి మార్చుకునేలోపు నువ్వు తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతున్నావని చెప్పాను. ప్రశ్న అడిగాక రెండు నిమిషాలు పక్కవాళ్లతో వాళ్లకొచ్చిన భాషలో మాట్లాడుకోనివ్వమన్నాను. జవాబు నోటితో రాకపోతే బోర్డు మీద బొమ్మ గీయమని అడగమన్నాను. చేశాడు. ఆ సెమిస్టర్ చివరికి ఆ మాట మళ్లీ ఆయన నోట రాలేదు.

కొండ ఊళ్లకు వెళ్లే సాయంత్రం బస్సు సంగతీ అంతే. ల్యాబ్ పావుగంట సాగదీస్తే గుమ్మ వైపు పిల్లలకు బస్సు తప్పిపోతుంది. రెండుసార్లు అలా అయితే మూడోసారి వాళ్లు ప్రాక్టికల్‌కే రారు. కొత్త లెక్చరర్ రిజిస్టర్లో ఆబ్సెంట్ వేసి, శ్రద్ధ లేదని అనుకుంటాడు. ఈ ఊరి బస్సుల టైము ఏ ట్రైనింగ్‌లో చెప్తారు?

ట్రైనింగ్ అసలు లేదని నేననను. కాగితం మీద చాలానే ఉంది. 1986 విద్యా విధానం తర్వాత 1987 నుంచి అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వచ్చాయి. 2018 యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనలు, కొత్తగా చేరిన ప్రతి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కీ నెల రోజుల ఇండక్షన్, అంటే తొలి శిక్షణ, ఉండాలని, వీలైతే పాఠాలు మొదలుపెట్టకముందే, ఎలా చూసినా చేరిన ఏడాదిలోపే అయిపోవాలని చెప్పాయి. 2023లో మాలవీయ మిషన్ పేరుతో టీచర్ ట్రైనింగ్ మొదలైంది. వీటిలో మంచి విషయాలు చెప్తారు, నేను తక్కువ చేయను. అయితే మా వైపు చాలామందికి ఆ ఇండక్షన్ పాఠాలు మొదలుపెట్టాకే వస్తుంది. ఎక్కువగా ఆన్‌లైన్లో, అద్దె గదిలో లాప్‌టాప్ ముందు, మధ్యమధ్యలో ఇంటర్నెట్ పోతూ గడుస్తుంది. సర్టిఫికెట్ ప్రమోషన్ ఫైల్లోకి వెళ్తుంది. ట్రైనింగ్‌లో చెప్పినదాన్ని మన తరగతికి సరిపడేలా మలుచుకోవడానికి ఆ నెల చాలదు, అక్కడెవరూ మన తరగతిని చూడరు.

2020 జాతీయ విద్యా విధానంలో ఇంకో మాట ఉంది. సీనియర్, రిటైర్డ్ అధ్యాపకుల్లో గట్టివాళ్లను, భారతీయ భాషల్లో చెప్పగలవాళ్లతో సహా, కాలేజీ టీచర్లకు తోడుగా పెట్టేందుకు మెంటరింగ్ కోసం జాతీయ మిషన్ ఏర్పాటు చేయాలని రాశారు. చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. నేను కోరుకున్నది సర్కారు కాగితంలోనే ఉంది. అది సెరంగో రోడ్డు మీద ఉన్న కాలేజీ దాకా రావాలి. మరోవైపు కాలేజీలకు గ్రేడ్లిచ్చే నాక్ వాళ్లు వచ్చినప్పుడు మెంటర్లెందరు, ఒక్కొక్కరికి ఎందరు పిల్లలు అని లెక్క అడుగుతారు. పిల్లలకు మెంటర్లు ఉండాల్సిందే. ఆ మెంటర్ నిన్నగాక మొన్న చేరిన లెక్చరరే అయినప్పుడు ఆ మనిషికి ఎవరున్నారన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు.

గంటల లెక్క చూడండి. యూజీసీ ప్రకారం అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ వారానికి 14 గంటలు పాఠం చెప్పాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్ 16 గంటలు చెప్పాలి. కొత్తగా చేరినవాళ్లకే ఎక్కువ! 10 ఏళ్లుగా చెప్తున్న పాఠానికి నాకు అరగంట చాలు. మొదటిసారి చెప్పే మనిషికి అదే పాఠానికి రాత్రి ఒంటిగంట అవుతుంది. మొదటి సెమిస్టర్లో కొత్తవాళ్లకు 12 గంటలకు మించి ఇవ్వకూడదని నా వాదన. మిగతా నాలుగు గంటల్లో రెండు సీనియర్ల క్లాసుల్లో వెనక కూర్చోవాలి, ఒకటి తోడుండే సీనియర్‌తో గడపాలి, ఒకటి తన ప్రిపరేషన్‌కి ఉంచుకోవాలి. సీనియర్ కొత్త లెక్చరర్ దగ్గర గడిపిన గంట ఇప్పుడున్న లెక్కలో పాఠం చెప్పిన గంట కింద రాదు. ఆ గంట తన ఖాళీ టైములోంచి తీయాలి. రెండు నెలలు తీస్తారు, మూడో నెలలో సెమిస్టర్ పరీక్షలు, వాల్యుయేషన్ డ్యూటీలు మీద పడగానే ఆగిపోతుంది. మనుషుల మంచితనం మీద నడిచే ఏర్పాటు పరీక్షల సీజన్ దాటదు. అందుకే టైమ్‌టేబుల్ అంటున్నాను.

సరే, డిపార్ట్‌మెంట్లో ఉన్నదే ఒక్కరైతే? మా వైపు చాలా కాలేజీల్లో ఇదే పరిస్థితి. చేరిన రోజే హెచ్‌ఓడీ, చేరిన రోజే ప్రాక్టికల్స్ ఇన్‌చార్జి. తెలుగు చెప్పే లెక్చరర్ అయితే మరీ ఒంటరి. ఒడిశా కాలేజీల్లో తెలుగు చెప్పేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇలాంటి చోట వేరే డిపార్ట్‌మెంట్ సీనియర్‌ని ఇవ్వాలి. సబ్జెక్టు తెలియని మనిషి ఏం సాయం చేస్తాడని అడుగుతారు. అమెరికాలో కొత్త అధ్యాపకుల్ని ఏళ్ల తరబడి గమనించిన రాబర్ట్ బోయిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఏ పొంతనా చూడకుండా కలిపిన జంటలు కూడా బాగానే పనిచేశాయని, విడవకుండా తరచూ కలుసుకోవడమే ముఖ్యమని గమనించాడు. నా అనుభవమూ అదే చెప్తుంది. హిస్టరీ మేడమ్ నా కెమిస్ట్రీ క్లాసులో కూర్చుంటే సూత్రాలు అర్థం కాకపోవచ్చు. ఏ పిల్ల నిద్రపోతోందో, ఏ మాట దగ్గర పెన్నులు ఆగిపోయాయో నాకంటే బాగా ఆవిడకే కనిపిస్తుంది. సబ్జెక్టు సందేహాలకు పాతపట్నంలోనో టెక్కలిలోనో ఉన్న లెక్చరర్‌కి ఫోన్ చేయొచ్చు. రాష్ట్రం వేరైనా అణువులు అవేగా.

హెచ్‌ఓడీ ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. నా ప్రొబేషన్ మీద, నా రిపోర్టు మీద సంతకం పెట్టే మనిషికి నా బలహీనత చూపించను. ఎవరూ చూపించరు. ఆ తెలుగమ్మాయి మొదట అడిగిన ప్రశ్న అదే కదా. మంచి హెచ్‌ఓడీలు ఎంతోమంది ఉన్నారు, వాళ్లు వేరే డిపార్ట్‌మెంట్ కొత్తవాళ్లకు తోడుండొచ్చు.

ఇంకో ప్రమాదం ఉంది. మన దగ్గర గురువు అనగానే శిష్యుడు సేవ చేయాలనుకుంటారు. సీనియర్‌గారి ఇన్విజిలేషన్ డ్యూటీ జూనియర్ చేస్తాడు. ఆయన పీపీటీ ఈయన తయారుచేస్తాడు. రైలు టికెట్లు బుక్ చేస్తాడు, పేపర్లు దిద్దుతాడు, ఆయన రాసే వ్యాసంలో పనంతా చేసి పేరు రెండోదిగా పెట్టించుకుంటాడు. ఇది తోడు కాదు, వెట్టి. దీనికి విరుగుడు ఒకటే అనుకుంటాను. కారణం చెప్పకుండానే సీనియర్‌ని మార్చుకునే హక్కు కొత్తవాళ్లకు ఉండాలి. ప్రిన్సిపాల్‌కి ఒక చీటీ ఇస్తే చాలాలి. ఎందుకని అడగకూడదు.

కొత్తగా లెక్చరర్లుగా వచ్చే ఆడపిల్లల గురించి వేరుగా చెప్పాలి. ఫ్రెషర్స్ డే యాంకరింగ్, అతిథులకు బొకేలు, ముగ్గులు, కల్చరల్ కమిటీ, గర్ల్స్ హాస్టల్ అన్నీ వాళ్ల నెత్తిన పడతాయి. ఒక్కొక్కటీ చిన్న పనే. అన్నీ కలిస్తే చదువుకునే టైము, రాసుకునే టైము ఉండదు. కాదంటే పొగరంటారు. ఆ పిల్ల తరఫున "ఈ ఏడాది ఈవిడకు కమిటీ ఏదీ వద్దు సార్" అని మీటింగ్‌లో చెప్పాల్సింది తోడుండే సీనియరే. సీనియర్ మగవాడైతే స్టాఫ్‌రూమ్‌లో నలుగురి మధ్య కూర్చునే మాట్లాడుకోవాలి. చిన్న ఊళ్లు మావి, నోళ్లు ఊరుకోవు. అందుకే ఆడవాళ్లలో సీనియర్లు ముందుకు రావాలని నేను మరీ మరీ అడుగుతున్నాను.

పేపర్ల ప్రచురణ సంగతి. ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, ఇన్ని వేలు కడితే వారంలో అచ్చు వేస్తామని. ప్రమోషన్‌కి పేపర్లు కావాలి, కుర్రాళ్లు కట్టేస్తారు. నమ్మదగ్గ పత్రికల పేర్లుండే యూజీసీ కేర్ లిస్టు ఉన్నన్నాళ్లు కనీసం అందులో ఉందో లేదో చూసుకోమనేవాళ్లం. 2025 ఫిబ్రవరిలో ఆ లిస్టు ఎత్తేశారు. ఏది మంచి పత్రికో ఎవరికి వారే, ఏ సంస్థకు ఆ సంస్థే తేల్చుకోవాలి. రెండు చోట్ల పంపి తిరస్కారాలు తిన్న సీనియర్ పక్కన లేకపోతే, నెల జీతం పోగొట్టుకున్నాక గానీ ఆ కుర్రాడికి తెలియదు.

ఇక గెస్ట్ లెక్చరర్లు. వాళ్ల మీద టైమెందుకు, ఏడాదికి వెళ్లిపోతారు అంటారు. మా ప్రాంతంలో చాలా సబ్జెక్టులు నడుస్తున్నదే వాళ్ల మీద. వాళ్లు వెళ్లిపోవచ్చు గానీ ఆ ఏడాది వాళ్ల పాఠం విన్న పిల్లలు అదే పరీక్ష రాయాలి. వాళ్లకు డబ్బులిచ్చేది చెప్పిన క్లాసుల లెక్కన. యూజీసీ 2019లో క్లాసుకి 1500 రూపాయలు, నెలకు 50 వేలు దాటకుండా ఇవ్వాలని చెప్పింది. ఎంతిచ్చినా లెక్క మాత్రం క్లాసుకే. సీనియర్‌తో కూర్చున్న గంటకు పైసా రాదు. ట్యూషన్ చెప్పుకుంటే గానీ ఇల్లు గడవని కుర్రాణ్ని డబ్బుల్లేని గంట కూర్చోమనడం న్యాయం కాదు. ఆ గంటనూ ఒక క్లాసుగా లెక్కకట్టి ఇవ్వాలి. డబ్బులెక్కడివి అంటారు. ఒక గెస్ట్ లెక్చరర్‌కి సెమిస్టర్ మొత్తం మీద పదిహేను క్లాసుల డబ్బు. కాలేజీలు ఏడాదికి ఎన్ని ఫ్లెక్సీలు వేస్తున్నాయో ఎవరికి వారు చూసుకోవచ్చు.

సీనియర్లకు ఇందులో ఏం మిగులుతుందని అడిగిన సహోద్యోగులున్నారు. నాకు మిగిలింది చెప్తాను. ఆ తెలుగమ్మాయి నా క్లాసులో వెనక కూర్చున్నాక, మేడమ్, మీరు బోర్డు మీద రాసేటప్పుడు పిల్లలకు వీపు పెట్టి మాట్లాడుతున్నారు, వెనకదాకా వినిపించట్లేదు అంది. ఇన్నేళ్లలో ఎవరూ చెప్పని మాట అది. ఇప్పుడు రాయడం అయ్యాకే ఇటు తిరిగి చెప్తున్నాను. పిల్లల నోట్సు చూస్తే తేడా తెలుస్తోంది.

వచ్చే సెషన్ టైమ్‌టేబుల్ కమిటీలో నేనూ ఉన్నాను. ముగ్గురు సీనియర్ల పేర్ల ఎదురుగా చెరో గంట రాసి ప్రిన్సిపాల్ గారికి ఇస్తున్నాను. ఒకరు సైన్సు, ఒకరు ఆర్ట్స్, ఒకరు కామర్స్. ఏ గంట ఎవరితో అన్నది కొత్తవాళ్లే ఎంచుకుంటారు. పై నుంచి ఆర్డరు లేదు కాబట్టి దీన్ని వర్క్‌లోడ్‌లో చూపించలేమని ఆఫీసువాళ్లు ఇప్పటికే అన్నారు. బరంపురం యూనివర్సిటీకి కాలేజీ తరఫున ఉత్తరం రాయమని అడిగాను, ముసాయిదా నేనే రాసిచ్చాను. సవర పిల్లల తరగతుల గురించి చెప్పగల మనిషి మాత్రం మా స్టాఫ్‌లో ఎవరూ లేరు. గుణుపురం, కాశీనగర్, సెరంగో వైపు సవర బాగా వచ్చిన రిటైర్డ్ మాస్టార్లు గానీ మేడమ్‌లు గానీ ఉంటే, నెలకు ఒక్క పూట మా కాలేజీకి రమ్మని అడుగుతున్నాను. బస్సు ఖర్చులు, మధ్యాహ్నం భోజనం మేము చూసుకుంటాం.